మాస్టారు విన్న డేనిష్ పద్యం

మా తెలుగు మాస్టారు పోయారు. పోయిన వారం టాటానగర్ పక్కనున్న పర్సుడీహ్ నుంచి మాస్టారమ్మగారు ఫోన్ చేశారు. "మీ మాస్టారు ఎల్లిపోనారమ్మా. టీ తాగి, కుర్చీలో అలా ఎనక్కి వాలినారు, అంతే" అన్నారు. ఆ గొంతులో ఏడుపు కంటే నెమ్మదే ఎక్కువ వినిపించింది. ఎనభై దాటిన మనిషి, ఎవరి చేతా చేయించుకోకుండా వెళ్ళారు.

టాటానగర్ రైల్వే కుటుంబాల పిల్లలం ఆయన దగ్గరే తెలుగు నేర్చుకున్నాం. ఆయన రిటైరయ్యేనాటికి తెలుగు క్లాసులో పిల్లలే లేరు. "నా గురువులూ లఘువులూ ఇంకెవులికి కావాలమ్మా?" అనేవారు నవ్వుతూ. ఆ నవ్వు చూడలేకపోయేదాన్ని.

దగ్గర్లోని గమ్హరియాలో ఉద్యోగం చేసుకుంటూ నేను ఆన్‌లైన్‌లో విదేశీ కవిత్వం కోర్సులో చేరాను. ఒక పాత డేనిష్ పద్యం ఇచ్చి, దాని నిర్మాణం, ఛందస్సు విశ్లేషించమన్నారు. రేవులో ఒకామె పడవ కోసం ఎదురుచూస్తుంది, అదీ కథ. ఇంగ్లీషు అర్థం ఇచ్చారు కానీ ఛందస్సు అంతుపట్టలేదు. కోర్సు మానేద్దామనుకుంటూనే, ఆ పద్యం రికార్డింగు పట్టుకుని మాస్టారింటికి వెళ్ళాను.

మొదట ఆయనా పొరబడ్డారు. నా చేత తెలుగు లిపిలో రాయించి, గణాలు కట్టబోయారు. ఏ పాదానికా పాదం వేరుగా వచ్చింది. కాగితం పక్కన పడేసి, రికార్డింగు తన ఫోన్‌లో పెట్టించుకుని చెవికి ఆనించుకున్నారు. మర్నాడు నేను వెళ్ళేసరికీ అలాగే కూర్చునున్నారు. మనవరాలు అడిగింది, "తాతా, ఆప్‌కో కుఛ్ సమఝ్ మే ఆతా హై?"

"ముక్క తెల్దు. అందుకే దరువు బాగా వినబడతంది."

తర్వాత నా వైపు తిరిగారు. "ఇది కొలిచే పద్యం కాదమ్మా, కొట్టే పద్యం. పాదానికి నాలుగు దెబ్బలు. దెబ్బకీ దెబ్బకీ నడుమ ఒకపాలి ఒక అక్షరం, ఒకపాలి రెండు. మన ప్రాస ముందర ఉంటాది, ఈళ్ళది ఆఖర్న."

చివరి చరణంలో మూడో పాదానికి మాత్రం ఒక దెబ్బ తక్కువైంది. కవి తప్పేమో అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"ఛందస్సు తప్పినోడు వేరు, తప్పించినోడు వేరు. అక్కడ ఏటి రాసినాడు?"

అర్థం చూసి చెప్పాను. పొద్దుగూకింది, పడవ రాలేదు.

"మరింకేటమ్మా? నాలుగో దెబ్బ కూడా రానేదు."



అదే రాశాను, మా మాస్టారు చెప్పారనే రాశాను. పాఠం చెప్పే డేనిష్ ఆవిడ క్లాసులో ఆ పాదం మళ్ళీ చదివి, మీ మాస్టారికి నా నమస్కారం చెప్పమంది. కబురు విని ఆయన మాస్టారమ్మగారి చేత ఉల్లి పకోడీలు వేయించారు. ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా గుమ్మంలోనే అడిగేవారు, "కొత్త బాస ఏటైనా తెచ్చినావా?"

ఆఖరిసారి ఆయన్ని పర్సుడీహ్ బజార్లో చూశాను. చేతిలో కూరల సంచీ వేలాడుతోంది. తోపుడు బండి మీద టమాటాలు అమ్మే ఆమె హిందీలో సాగదీసి కేకేస్తోంది. మాస్టారు నడిదారిలో నిలబడి, తల వంచి, కళ్ళు మూసుకుని వింటున్నారు. వెనక ఆటో హారన్ కొడుతూనే ఉంది.