రెండుసార్లు పడ్డ నీలిమందు

మాఘమాసం, ఆదివారం. ఉప్పుగూడలోని మా ఇల్లు. ఉన్నవాళ్లు: నేను, నా భార్య, ఆమె తమ్ముడు. పని: పడకగదికి సున్నం, కప్పుతో సహా.

ఆ రోజు డైరీ పేజీ పైన ఇలా రాసుకున్నాను.

నా భార్యకు తుంటి ఆపరేషన్ అయి రెండు నెలలు దాటింది. ఇప్పుడు నడవకపోతే ఇక మంచమే గతి అవుతుందని డాక్టరు గట్టిగా చెప్పారు. కానీ ఒకసారి బాత్రూం గడప దగ్గర కాలు జారినప్పటి నుంచి ఆమె వాకర్ ముట్టడం మానేసింది. పగలంతా వెల్లకిలా పడుకుని, వానలకు మరకలు కట్టిన కప్పునే చూస్తూ ఉండేది. సున్నం వేయాలంటే మంచం బయటికి తీయాలి కదా, ఆ వంకతోనైనా లేచి నడుస్తుందని ఆశపడ్డాను. లేవలేదు. చివరికి కుర్చీలో కూర్చోబెట్టి నేనూ బావమరిదీ హాల్లోకి మోశాం. బావమరిది వాళ్లది పాల వ్యాపారం.

"అక్కా, మా బర్రె కంటె బరువున్నవ్."

"బర్రెకు రోజు గడ్డేస్తవ్. నాకెన్నడన్న ఏసినవారా?"

నవ్వింది గాని, గోడకు ఆనించిన వాకర్ వైపు చూడలేదు.

సున్నం నేనే ముందురోజు నానబెట్టి, పొద్దున గుడ్డలో వడగట్టాను. ఏటా తన బర్రెల కొట్టానికి సున్నం వేసే అనుభవంతో బావమరిది కుంచె పట్టాడు. మొదట కప్పు, తర్వాత గోడలు. మధ్యాహ్నానికి నాకు అనుమానం వచ్చింది.

"నీలంగ కొడుతున్నది గదా?"

"పచ్చిగున్నప్పుడు గట్లనే ఉంటది బావా. ఎండితె పాల లెక్క తెల్లగైతది. ఫికర్ చెయ్యకు."

మర్నాడు పొద్దున బావమరిది పాలు పోయడానికి వచ్చి, నాతోపాటు గదిలోకి తొంగిచూశాడు. అంతా ఎండింది. కప్పు, నాలుగు గోడలు లేత నీలం.

"నీలిమందు ఎంత ఏసినవ్?" అన్నాను. తెలుపు తేలడానికి సున్నంలో అది కొద్దిగా కలుపుతారు.

"ఎప్పటి లెక్కనే, రెండు మూతలు."

"నానబెట్టినప్పుడే నేను ఏసిన గదా!"

"నానబెట్టేటప్పుడు ఎవరేస్తరు బావా? మా ఇంట్ల కుంచె ముంచే ముందు ఏస్తం."

"మా ఇంట్ల నానబెట్టినప్పుడే ఏస్తరు."

హాల్లోంచి "ఏంది లొల్లి?" అని ఆమె రెండుసార్లు అడిగింది. మా వాదనలో మేముండి జవాబివ్వలేదు. మూడోసారి ఆ మాట గుమ్మంలోంచి వినబడింది. వాకర్ పట్టుకుని నిలబడి ఉంది. తల ఎత్తి కప్పును ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది.

"ఇద్దరు మొగోళ్లు కలిసి చేసిన పని గిదా?"

"సల్లగ, మస్తుగున్నది గదక్కా," అన్నాడు తమ్ముడు.

"మస్తు లేదు ఏం లేదు. ఇంకో పూత ఎయ్యి. సున్నం నేను కలుపుత. నీలిమందు దిక్కు మీరు పోకుండ్రి."

వడగట్టే గుడ్డ కోసం వంటింటి వైపు మళ్లింది. నేను చేయి అందించబోయాను.

"పట్టకుండ్రి. ఎనక రాండ్రి."

వెనకే నడిచాను.