ఎనిమిదో నెల భయం

1955వ సంవత్సరం. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. నేను కడపలో ఒక ఆసుపత్రి కాన్పుల వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. నోరు మంచిది కాదని నాకు పేరు. ఆ పేరుకు భయపడి కాన్పుకొచ్చినవాళ్ళ చుట్టాలు వార్డు గోడల మీద ఉమ్మకుండా ఉండేవాళ్ళు కాబట్టి నేనూ దాన్ని కాపాడుకుంటూ వచ్చాను.

ఆ ఎండాకాలం బద్వేలు పక్క పల్లె నుంచి లక్ష్మీదేవి అనే పిల్లను బాడుగ కారులో తీసుకొచ్చారు. భూమీ పుట్రా ఉన్న రైతు కుటుంబం. తొలిచూలు, ఆరో నెల దాటింది. నడుము నొప్పి, కొంచెం రక్తం. మా డాక్టరమ్మ ఫీటోస్కోప్ పెట్టి విన్నది. అది గరాటులాంటి చిన్న గొట్టం. ఒక కొస పొట్ట మీద పెట్టి, రెండో కొసకు చెవి ఆనించి బిడ్డ గుండె చప్పుడు వింటారు. ఆమె విని, పక్కకు జరిపి మళ్ళీ విని, నన్నూ వినమంది. రెండు గుండెలు. కవలలు.

బెడ్ రెస్ట్ అని రాసింది డాక్టరమ్మ. ఆ మాట వింటే ఎవరైనా హాయిగా పడుకోవడమే అనుకుంటారు. అది జైలు. మంచానికి కాళ్ళ వైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేస్తాం, తల పల్లంలో ఉంటుంది. లేవకూడదు, కూర్చోకూడదు, అన్నీ బెడ్‌పాన్‌లోనే. బిడ్డలు కడుపులో ఎన్నాళ్ళుంటే అంత మంచిదని ఈ తంటా అంతా. నెలలు నిండని బిడ్డల్ని వెచ్చగా పెట్టే ఇంక్యుబేటర్ అప్పట్లో మా దగ్గర లేదు. దూది, వేడినీళ్ళ సీసాలు, మా చేతులు, అంతే.

తోడుగా అత్త ఓబుళమ్మ ఉంది. కోడలి పక్క నుంచి కదిలేది కాదు. సంగటి కలిపి నోట్లో పెట్టేది, చేతులు పడిపోయేదాకా విసనకర్రతో విసిరేది. కన్నతల్లి కూడా అంత చేయదు. నాకూ ఆమెకూ మాత్రం రోజూ కీచులాటే.

"నర్సమ్మా, నీ మొగుడు నీతో ఎట్లా ఏగుతాండాడో!"

"మొగుడు లేడు కాబట్టే నీతో ఏగుతాండా" అనేదాన్ని.

లక్ష్మీదేవి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. నవ్వితే కడుపు కదులుతుందని అత్త కసిరేది.

వారాలు గడిచాయి. రక్తం ఆగింది. ఒక ఉదయం డాక్టరమ్మ రౌండ్స్‌కు వచ్చి, "ఏడో నెల గట్టెక్కుతోంది. ఎనిమిదో నెల పడనివ్వండి, ఇద్దరి మీదా నాకు ఆశ ఉంటుంది" అంది సంతోషంగా. ఓబుళమ్మ మొహం మాడిపోయింది. పాపం, సరిగ్గా నిద్రలేక అలా ఉందనుకున్నాను.

ఆ వారంలోనే ఒకరోజు పొద్దున నేను డ్యూటీకి వచ్చేసరికి లక్ష్మీదేవి చెమటలు కక్కుతోంది. విరేచనాలు. పొట్ట రాయిలా బిగుస్తోంది. మంచం కింద గ్లాసు తీసి వాసన చూశాను. ఆముదం. రోజులు దాటినా నొప్పులు రానివాళ్ళకు మేమే ఆముదం పట్టి నొప్పులు తెప్పించేవాళ్ళం, కాబట్టి సంగతి నాకు వెంటనే అర్థమైంది.

"ఏం పని చేసినావే ముసలీ!" అని అరిచాను. వార్డంతా అదిరింది.

ఓబుళమ్మ బెదరలేదు. "ఏడో నెల బిడ్డ బతుకుతాది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు. మా పక్క ఎవురినన్నా అడుగు. నా తొలిచూలు ఎనిమిదో నెలలోనే పుట్టినాడు. ఎత్తుకోని పాలిచ్చేలోపల పాయె. డాక్టరమ్మేమో ఎనిమిది పడనీ అంటాండాది. చూస్తా చూస్తా ఈ ఇద్దర్నీ గూడా గుంతలో పెట్టమంటావా?"

"నేనే అడిగి తాగినా అక్కా. మా అత్తను ఏమీ అనాకు" అంది లక్ష్మీదేవి పళ్ళు బిగబట్టి.

ఆ నమ్మకం నేను పుట్టిన ఊళ్ళోనూ ఉంది. ఏడో నెలలో పుట్టి బతికినవాడి గురించి ఊరంతా చెప్పుకుంటారు, పోయినవాళ్ళ గురించి ఎవరూ మాట్లాడరు. నిజానికి కడుపులో గడిచే ప్రతి రోజూ బిడ్డకు బలమే. అది వివరించే సమయం దాటిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

మధ్యాహ్నానికి ఇద్దరు మగబిడ్డలు పుట్టారు. మొదటివాడు పిడికెడు. ఊపిరి కోసం రొమ్ము ఎగరేసి ఎగరేసి అలసిపోయి, పొద్దు గుంకేలోపల పోయాడు. వాడిని తెల్లగుడ్డలో చుట్టింది నేనే. రెండోవాడు కొంచెం పెద్ద. దూదిలో చుట్టి, వేడినీళ్ళ సీసాల మధ్య పడుకోబెట్టి, తల్లి పాలు పిండి ఇంకు ఫిల్లర్‌తో చుక్క చుక్కగా పోశాం. వాడు నీలం తిరిగిన ప్రతిసారీ నా ప్రాణం పోయి వచ్చేది. చివరికి దక్కాడు.

ఇంటికి పోయే రోజు, ఓబుళమ్మ సామాన్లు కారులో పెట్టించడానికి వెళ్ళినప్పుడు లక్ష్మీదేవి నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నిజం చెప్పు. ఆముదం తాగకుండా ఉండింటే ఇద్దరూ బతికేవాళ్ళా?"

అబద్ధం చెబుదామనే అనిపించింది. కానీ మళ్ళీ కడుపొస్తే ఈ పిల్ల మళ్ళీ తాగుతుంది. "ఖాయంగా చెప్పలేనమ్మా. ఆశ మాత్రం శానా ఉండె" అన్నాను.

ఆమె ఏడవలేదు. బిడ్డ మీద గుడ్డ సర్దింది. "మా అత్తకు చెప్పద్దు. నా బిడ్డలు బతకాలనే ఆమె చేసింది. తెలిస్తే తట్టుకోలేదు."

చెప్పనని మాటిచ్చాను.

మరుసటేడు ఓబుళమ్మ మనవణ్ణి చంకనేసుకుని వార్డుకు వచ్చింది. దర్గాలో వాడికి తాయెత్తు కట్టించి అటునుంచి అటే వచ్చానంది. మంచం మంచానికీ వాణ్ణి చూపించుకుంటూ తిరిగింది. కిటికీ పక్కన ఇంకో పిల్ల బెడ్ రెస్ట్‌లో ఉంది. ఓబుళమ్మ ఆమె తల నిమిరి, "ఏడో నెలలోనే కనెయ్ తల్లీ. నా మనవడు ఏడో నెల బిడ్డే, ఎట్లుండాడో సూడు" అంది. ఆ పిల్ల తల్లి పక్కనే కూర్చుని చెవులప్పగించి వింటోంది.

ఓబుళమ్మను వరండాలోకి తీసుకుపోయి, ఆ ఏడో నెల నమ్మకం తప్పనీ, ఆముదం పట్టకుంటే ఇద్దరూ దక్కేవాళ్ళేమోననీ ఉన్నదంతా చెప్పేశాను. ఇచ్చిన మాట తప్పాను. పోట్లాడుతుందనుకున్నాను. ఆమె మనవడి చేతి తాయెత్తును వేళ్ళతో తిప్పుతూ నిలబడిపోయింది.

"ఇది నా కోడలికి తెలుసునా?"

"పోయినేడే తెలుసు. నీకు చెప్పద్దని నా దగ్గర మాట తీసుకున్యాది."

"సమ్మచ్చరం నుంచి నా చేతి కూడు తింటాండాది. ఒక్క మాట అనలేదే" అంటూ గోడకు ఆనుకుని కూలబడింది. ఆ ఏడుపు నేను మర్చిపోలేను. నా కన్నీళ్ళూ ఆగలేదు.

కాసేపటికి లేచి, బిడ్డను నా చేతికిచ్చి, లోపలికి పోయి ఆ తల్లీకూతుళ్ళ ముందు నిలబడింది.

"అమ్మా, ఇందాక నేను చెప్పింది ఇనాకండి. నాకు ఇద్దరు మనవళ్ళు. ఒకణ్ణి నా చేతులారా పోగొట్టుకుంటి. ఎనిమిదీ పడనీ, తొమ్మిదీ పడనీ."

ఆ తర్వాత బెడ్ రెస్ట్ రాసిన ప్రతి పిల్ల ఇంటి పెద్దామెనూ నేను ముందుగా అడిగేదాన్ని, "అవ్వా, నీకు ఏ నెలంటే భయం?" అని. కొందరు నవ్వేవాళ్ళు. చాలామంది చెప్పేవాళ్ళు, చెబుతూ తమకు పోయిన బిడ్డల పేర్లు కూడా చెప్పేవాళ్ళు. డాక్టరమ్మ ఆ రోజు చెప్పింది మంచి మాటే. వినేవాళ్ళ భయం ఏమిటో తెలియకపోతే మంచి మాట కూడా ప్రాణం తీస్తుందని ఆ వార్డులో నేర్చుకున్నాను.