వెయ్యి మీద ముప్ఫై తొమ్మిది

ఏ బిల్లయినా కింది నుంచి పైకి చదవడం నాకు అలవాటు. ముప్ఫై ఏళ్లుగా ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో, అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేస్తున్నాను. మొత్తం ఎంతో ఎవరైనా చూస్తారు. ఆ మొత్తంలోకి ఏమేం దూరాయో చూడటం నా ఉద్యోగం. హోటల్‌కు వెళ్తే బిల్లు నా చేతికి అందకుండా మా ఆయన జాగ్రత్తపడతారు. ఈ గుణం వల్ల ప్రభుత్వానికి కాస్తో కూస్తో మేలు జరిగే ఉంటుంది. నాకు మాత్రం మొన్న మార్చిలో నష్టమే జరిగింది.

ఆ నెలలోనే మా పై అంతస్తు అక్క ఢిల్లీ వదిలి వెళ్లిపోయింది. అక్క అంటే తోడబుట్టింది కాదు. ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో మాది గ్రౌండ్ ఫ్లోర్, వాళ్లది రెండో అంతస్తు. మాది గోదావరి వైపు, వాళ్లది కరీంనగర్. నా భాష ఆవిడకు సాగదీసినట్టుండేది, ఆవిడ భాష నాకు గదమాయించినట్టుండేది. ఒకరినొకరం వెక్కిరించుకోవడంతోనే స్నేహం మొదలైంది. వాళ్లాయన రిటైరయ్యారు, క్వార్టర్ ఖాళీ చేయాల్సిన గడువు దగ్గరపడింది, కరీంనగర్‌లో కొనుక్కున్న ఫ్లాట్‌కు సామాను తీసుకెళ్లడానికి లారీ మాట్లాడుకున్నారు. ప్రభుత్వ క్వార్టర్లలో ఇది అందరికీ తప్పనిదే. తెలుసు కదా అని బాధ తగ్గదు.

ఆవిడ నాకేమవుతుందో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. పెళ్లయిన ఏడో ఏడు మా ఇంట్లో ఎనిమిది నెలల పాటు మాటల్లేవు. కారణం ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది, అప్పుడు మాత్రం కొండంత. ఆఫీసు నుంచి రాగానే బ్యాగు ఇంట్లో పడేసి నేరుగా రెండో అంతస్తుకు ఎక్కేదాన్ని. అక్క వంటింట్లో పీట వేసి, నా ముందు వెల్లుల్లిపాయల గిన్నె పెట్టేది. నేను ఒలిచేదాన్ని. ఆవిడ కూర కలుపుతూ కూరగాయల భయ్యా పొగరు గురించో, పొద్దున్న రాని నీళ్ల గురించో మాట్లాడేది. ఏడున్నర కాగానే "ఇంత తిని పోరాదే" అనేది. ఆ ఎనిమిది నెలల్లో ఎందుకొస్తున్నావని గానీ, ఏమైందని గానీ ఒక్కరోజు అడగలేదు. అన్ని వెల్లుల్లిపాయలను ఆ ఇంట్లో ఏం చేసుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

అలా అడగకుండా ఉన్నందుకు ఆవిడకు నా కృతజ్ఞత చెప్పుకోవాలని ఏళ్లుగా ఉంది. కానీ ఎలా చెప్పడం? ఎదురుగా నిలబడి మొదలుపెడితే "ఏందే గీ నాటకాలు" అంటుంది. అంటుందని భయపడి ప్రతిసారీ చట్నీ గురించి మాట్లాడి దిగి వచ్చేదాన్ని.

మా బ్లాకుల్లో ఎవరికి బదిలీ అయినా, ఎవరు రిటైరైనా, తెలుగువాళ్లమంతా కలిసి ఏదో ఒకటి కొనివ్వడం ఆనవాయితీ. చందా వసూలు ఎప్పుడూ అక్కదే. ఆఫీసు ఖాకీ కవరొకటి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది, తోడుకు నన్ను లాక్కెళ్లేది. ఒక్కో ఇంట్లో గంటసేపు కూర్చోవడం, చాయ్, పిల్లల మార్కులు, ఊళ్లో వాళ్ల ఆరోగ్యాలు, చివరికి గుమ్మం దగ్గర కవరులోకి మడిచిన నోటు. ఎవరెంత వేశారో కవరుకే తెలుసు. ఇరవై ఇళ్లు తిరిగేసరికి వారం పట్టేది. ఆ తరువాత ఆదివారం ఇద్దరం సరోజినీ నగర్ వెళ్లి దుప్పట్లో, చీరో కొనేవాళ్లం. అక్క బేరానికి దిగితే దుకాణదారు "బస్ కరో దీదీ" అంటూ చేతులు జోడించేవాడు. ఆ వారం తిరుగుడు కోసం, ఎవరికైనా బదిలీ అయితే బాగుండునని లోలోపల కోరుకున్న పాపం కూడా చేశాను.

ఇప్పుడు వెళ్లేది అక్కే. కవరు పట్టుకుని తిరగాల్సింది నేను. ప్రతి గుమ్మంలోనూ ఏడుస్తానేమోనని వెనక్కి తగ్గాను. ఆ పని ఎదురు బ్లాకులో పెరిగి ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉద్యోగం చేస్తున్న పిల్ల అందుకుంది. చిన్నప్పుడు అక్క చేతి ముద్దలు తిన్న పిల్లే. తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనో ఇంగ్లీషులోనో వస్తుంది. మా తెలుగువాళ్ల ఫోన్ గ్రూపులో ఒక లింకు పెట్టింది. తెరిచి చూస్తే అక్క ఫొటో, దాని కింద చందా కట్టే చోటు. కట్టిన ప్రతి ఒక్కరికీ ఒక పేజీ ఇస్తారు. ఆ పేజీలో అక్కకు చెప్పదలుచుకున్నది రాసుకోవచ్చు. అందరి పేజీలూ అచ్చువేసి, పుస్తకంగా చేసి, గిఫ్టుతో పాటు అక్కకు కొరియర్‌లో పంపుతారు.

నా కోసమే ఎవరో కనిపెట్టినట్టనిపించింది. ఎదురుగా చెప్పలేనిది రాయగలను. ఆవిడ కరీంనగర్‌లో ఒంటరిగా కూర్చుని చదువుకుంటుంది, నాటకాలంటూ కసరడానికి నేనక్కడ ఉండను. మూడు రోజులు ఆఫీసుకు వెళ్తూ వస్తూ మెట్రోలో రాశాను, కొట్టేశాను, మళ్లీ రాశాను. చివరికి నాలుగు వాక్యాలు మిగిలాయి. వాటిని ఫోన్ నోట్స్‌లో దాచుకుని, కట్టడానికి కూర్చున్నాను.

క్వార్టర్స్‌లో పెరిగిన పిల్లలు ఇప్పుడు తలో దేశంలో ఉన్నారు. వాళ్లందరికీ కుదరాలని ఆ పిల్ల ఏదో విదేశీ సైటు ఎంచుకుంది. మన ఫోన్ పేమెంట్లు అక్కడ చెల్లవు, నా డెబిట్ కార్డును తీసుకోలేదు. మిగిలింది క్రెడిట్ కార్డు. నంబరు కొట్టి, వెయ్యి రూపాయలని వేసి, అలవాటు కొద్దీ కింది నుంచి చదివాను. క్రెడిట్ కార్డు ఫీజు ముప్ఫై తొమ్మిది. పక్కన చిన్న గడి. అందులో టిక్కు పెడితే నేను వెయ్యిన్నీ ముప్ఫై తొమ్మిది కట్టాలి. పెట్టకపోతే ఆ ముప్ఫై తొమ్మిది నా వెయ్యిలోంచి తీసుకుని, అక్కకు తొమ్మిది వందల అరవై ఒకటే చేరుస్తారు.

నాకు ఒళ్లు మండింది. అక్కకూ నాకూ మధ్య ఈ మూడోవాడెవడు? ఆవిడ ఇరవై ఏళ్లకు పైగా మెట్లెక్కి దిగి వసూలు చేసింది, ఎవరి నోటులోంచైనా చాయ్ ఖర్చులు తీసుకుందా? డబ్బు కాదు, పద్ధతి ముఖ్యమని నాకు నేను చెప్పుకున్నాను. పిసినారులంతా ఈ మాటే అంటారని తెలుసు, అయినా అనుకున్నాను.

మా సెక్షన్‌లో లెక్కకు రాని పద్దు ఏదైనా కనిపిస్తే చెల్లింపు ఆపి, ఫైలు మీద అభ్యంతరం రాసి వెనక్కి పంపుతాం. రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా ఫైలు కదలదు. దానికి ఎవరూ నొచ్చుకోరు, అది కోపమూ కాదు, పంతమూ కాదు, పని జరిగే తీరు అంతే. నేను అదే చేశాను. అక్క లేకుండా పెట్టుకున్న ఆ గ్రూపులో, వరస నంబర్లు వేసి మరీ రాశాను. ఒకటి, ఈ ఫీజు ఎవరు భరించాలి? రెండు, నగదు ఇవ్వదలుచుకున్నవారికి వేరే మార్గం ఉందా? మూడు, దయచేసి స్పష్టత ఇవ్వగలరు. అప్పటిదాకా పూలూ దండాలూ పెట్టుకుంటున్న గ్రూపు, ముహూర్తం వేళ ఎవరో తుమ్మినట్టు గప్‌చుప్ అయిపోయింది. గంట తరువాత ఆ పిల్ల రాసింది: "ఆంటీ, వో తో సైట్ లేతీ హై. టెన్షన్ మత్ లీజియే, ఐ విల్ చెక్."

ఫీజు సైటువాళ్లు తీసుకునేదేనట, ఆ పిల్ల లెక్కలో విషయం అక్కడితో అయిపోయింది. నా లెక్కలో ఫైలు ఆ పిల్ల బల్ల మీద ఉంది. నేను ఎదురుచూశాను. వసూలు మూసేయడానికి ఇంకా రెండు రోజులేనని సైటు గుర్తుచేస్తే, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు కొంచెం సంతోషం కూడా వేసింది. గడువు ముంచుకొస్తే వాళ్లే జవాబిస్తారులే అనుకున్నాను. ఎవరూ ఇవ్వలేదు. సోమవారం మధ్యాహ్నం ఆఫీసులో డబ్బా తెరిచి అన్నం కలుపుతుంటే నాకే విసుగొచ్చింది. పోతే పోయాయి ముప్ఫై తొమ్మిది, టిక్కు పెట్టేద్దామని లింకు నొక్కాను. వసూలు ముగిసిందని ఒక్క ముక్క కనిపించింది.

ఆ పిల్లకు ఫోన్ చేశాను. "ఆంటీ, బుక్ తో ప్రింట్ మే చలీ గయీ. ఆప్‌నే నహీ కియా?" అంది. పుస్తకం అచ్చుకు వెళ్లిపోయిందట. నేను కట్టకుండా ఉంటానని ఆ పిల్లకు కలలో కూడా తోచలేదని గొంతులోనే తెలుస్తోంది. నగదు ఇవ్వండి, గిఫ్టులో కలిపేస్తానంది. ఇచ్చాను. డబ్బుకేం, ఎలాగైనా వెళ్తుంది. నా పేజీయే వెళ్లదు.

ఇంకా అవకాశం లేకపోలేదు. అక్క వెళ్లేది శనివారం. అప్పటికైనా నోరు తెరిచి చెప్పొచ్చు. ఆ ఉదయం పైకి వెళ్లాను. పరదాలు తీసేసిన గదుల్లో మా గొంతులు వేరేవాళ్ల గొంతుల్లా వినిపించాయి. అక్క ఒక అట్టపెట్టె మీద కూర్చుని, పక్కన చేత్తో తట్టి "కూసోవే" అంది. కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే లారీవాడు బిల్లు తెచ్చాడు. నేను అందుకున్నాను. ఎక్కింపు కూలీ రెండుసార్లు వేశాడు. అరగంట పోట్లాడి ఐదు వందలు తగ్గించాను. "నువ్వు లేకుంటే నన్ను నిలువునా ముంచుతుండె" అని అక్క మురిసిపోయింది. ఆ కాగితం చూస్తున్నంతసేపూ ఆవిడ ముఖం చూడాల్సిన అవసరం తప్పింది. కాగితం తిరిగిచ్చేసరికి లారీ తలుపులు వేస్తున్నారు, కింద జనం చేరారు, అక్క ఒక్కొక్కరి చేతులూ పట్టుకుంటోంది. నా చేయి కూడా పట్టుకుంది. "పైలం" అంది, జాగ్రత్త అని. నేను తలూపాను.

తరువాత మూడు వారాలు చాలా పొడుగ్గా గడిచాయి. సాయంత్రం గేటు దాటగానే కాళ్లు మెట్ల వైపే తిరిగేవి. ఒకరోజు ఎక్కేశాను కూడా. తలుపుకు ప్రభుత్వ తాళం, మీద లక్క సీలు. కాసేపు నిలబడి దిగి వచ్చాను. మా ఆయన ఎక్కడికెళ్లావని అడిగారు. మేడ మీద బట్టలున్నాయేమో చూసొచ్చానన్నాను. అక్క గుర్తొస్తోందని ఒక్క మాట అంటే అర్థం చేసుకునే మనిషే. అనలేకపోయాను.

ఒక ఆదివారం పదకొండింటికి అక్క ఫోన్ చేసింది.

"పుస్తకం అచ్చిందే. మస్తు మంచిగున్నది. అందరియి సదివిన. నీదే దొర్కుతలేదు, ఏ పేజీల ఉన్నది?"

నేను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"ఫస్టుకెల్లి ఆఖరిదాంక రెండుసార్లు చూసిన. అద్దాలు మార్చుకొని మల్ల చూసిన. రెండు కాయితాలు అతుక్కున్నయేమోనని గోరుతోని తీసి గూడ చూసిన."

కార్డు పనిచేయలేదనో, ఊళ్లో లేననో ఒక అబద్ధం చెబితే సరిపోయేది. గోరుతో తీసి చూసిన మనిషికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"అందులో నాది లేదక్కా. డబ్బు కడితేనే రాయనిస్తారు. నా క్రెడిట్ కార్డు మీద ఫీజు వేశాడు. ఎందుకు వేశాడని గ్రూపులో అడిగాను. జవాబొస్తుందని కూర్చున్నాను, ఈలోగా మూసేశారు."

"ఫీజెంత?"

"ముప్ఫై తొమ్మిది."

"వేలా?"

"రూపాయలక్కా."

ఫోన్ కట్టయిందేమోనని తెర చూసుకున్నాను.

"నన్నడిగితే నేనే ఇస్తుంటి గదనే" అంది అక్క.

అని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు మెట్ల మీద మూడంతస్తులకూ వినిపించేది ఒకప్పుడు. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే కళ్లలోంచి ధారగా నీళ్లు కారాయి. ముక్కు ఎగబీలుస్తుంటే ఆవిడకు తెలిసిపోయింది.

"రాసుకున్నదన్న ఉన్నదా? పారేసినవా?"

"ఫోన్లో ఉంది."

"మరింక సదువు."

స్పీకర్ నొక్కి నోట్స్ తెరిచాను. నాలుగు వాక్యాలూ అలాగే ఉన్నాయి. "అక్కా, ఆ ఎనిమిది నెలలూ నువ్వు నన్ను" అని చదివి ఆగిపోయాను. అవతల కుక్కర్ కూత వేసింది. కాసేపటికి రెండోది వేసింది, మూడోది కూడా వేసింది.

"స్టవ్ కట్టేసి రా అక్కా, నేను లైన్లోనే ఉంటాను" అన్నాను.

"మాడితే మాడనియ్యి. నువ్వు సదువు."