పదమూడో పిందె

దేవుడి గదిలో కూడా మా ఆవిడ చూస్తోందని దణ్ణం పెట్టే రకాన్ని నేను. మహిమలన్నా దయ్యాలన్నా నవ్వేవాణ్ణి. ఇది చదివి మీరు నవ్వినా ఏమీ అనుకోను.

అమెరికాలో, అల్ఫారెట్టాలో మా పాప పుట్టి పది రోజులైంది. పాలు సరిగ్గా తాగడం లేదు, బరువు తగ్గిపోతోంది. రెండు రోజుల్లో పెరగకపోతే అడ్మిట్ చేయాలంది డాక్టర్. మా ఆవిడ శ్రావణి ఏడుపు ఆపడం లేదు. నాకూ భయమే. అది కనపడకుండా కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతున్నాను.

పక్కింటి ముసలావిడ మోరాది ఐర్లాండ్. పాపని చూడ్డానికొచ్చి, వాళ్ల పాత దేవత బ్రిజిడ్ గురించి చెప్పింది. పొయ్యి, పాడి, పురుడు ఆవిడ చూసుకుంటుందట. ఫిబ్రవరి వచ్చే ముందు సాయంత్రం, అంటే ఆ రోజే, బయట గుడ్డ పెడితే వెళ్తూ వెళ్తూ తాకుతుందట. మర్నాడు అది బిడ్డకి కప్పాలి.

పురుడికని ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు అదిరిపడ్డారు. "పొద్దుగూకాక పసిపిల్ల గుడ్డ బయట ఉంచితే పక్షి దోషం బాబూ!"

కాసేపు పాపనే చూస్తూ కూర్చున్నారు. తర్వాత లేచి కత్తెర తెచ్చారు. "పురుడు చూసే తల్లే కదా, ఏ దేశమైతేనేం. పాప గుడ్డ వద్దు, నా చీర ముక్క పెడతా. దోషం ఉంటే నాకే తగులుతుంది."

పాత నేత చీర, అంచున మామిడి పిందెలు. ముక్క కత్తిరించి ఆవిడ ఇంటి వెనక చెక్క డెక్ మీద ఆరేస్తుంటే ఫొటో తీసి, "అత్తగారు ఐరిష్ దేవతకి చీర పెడుతున్నారు" అని ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను.

పొద్దున గడ్డి మీద తెల్లగా మంచు. గుడ్డ మాత్రం పొడిగా, ఎవరో అప్పుడే భుజం మీంచి తీసినట్టు వెచ్చగా ఉంది. పాపకి కప్పాం. అరగంటలో గుటకలు వినపడేలా పాలు తాగింది. శ్రావణి మళ్లీ ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

పాలకి కారణం చెప్పగలను. పాపని పట్టుకునే పద్ధతి నర్స్ ముందురోజే మార్పించింది.

"ముక్క పొడుగైనట్టుందే బాబూ?" అన్నారు అత్తగారు మడతపెడుతూ.

ఫొటోలో అంచు ఈ చివర నుంచి ఆ చివరకి పన్నెండు పిందెలు. చేతిలో పదమూడు. నాలుగుసార్లు లెక్కపెట్టాను. సాగితే గుడ్డ సాగుతుంది గానీ కొత్త పిందె రాదు కదా.

మోరాకి చెబితే, "ఒక్కోసారి పెరుగుతుంది" అని టీ తాగింది.

ఐదోసారి లెక్కపెట్టబోతే అత్తగారు చెయ్యి పట్టుకున్నారు. "చాలు. పిల్లదాని ఆయుష్షు అది. లెక్కపెట్టకూడదు."

పాపకిప్పుడు నాలుగేళ్లు. అదెలా జరిగిందో ఈనాటికీ నాకు తెలీదు. మళ్లీ లెక్కపెట్టనూ లేదు. ఏటా ఆ సాయంత్రం గుడ్డ బయట పెట్టేది మాత్రం నేనే. పెట్టి దణ్ణం పెడతాను, మా ఆవిడ చూడకపోయినా.