పడవ మీది నంబరు

నాలుగేళ్లుగా ఒక ఫోన్ నంబరు నా గుండెల మీద బండలా కూర్చుంది. నాకది కంఠతా వచ్చు. ఒక్కసారి కూడా చేయలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది మైపాడు, సముద్రం ఒడ్డు ఊరు. చిన్నప్పుడు ఒక వీడియో గేమ్ అంటే నాకు ప్రాణం. అందులో ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవాన్ని ఒక పిల్ల తిప్పి చూస్తుంది. తండ్రి. పెద్దయ్యాక ఆ ఆట అభిమానులకు తెలుగులో ఒక గ్రూపు పెట్టాను. ఆటను కొత్తగా మళ్లీ తయారుచేసినప్పుడు ఆ ఘట్టం కోసేశారు. ఇక చూడండి! గ్రూపంతా భగ్గుమంది. బూతులు, శాపనార్థాలు. అందరికంటే ముందు నేనే.

సలోమి ఒక్కతే ఎదురు రాసింది. "తీసేస్తే మంచిదే. అట్టాంటివి మా ఇళ్లల్లో చూస్తానే ఉండాం, ఆటలో గూడానా?" మారుపేరుతో రాసినా ఆమేనని నాకు తెలుసు. మా వీధి పిల్ల, గ్రూపులో చేర్చింది నేనే. అంతమంది ముందు నా మాట కాదంటుందా అని ఒళ్లు మండిపోయింది. అది ఆట మీద ప్రేమేనా? ఏం ప్రేమ! ఒట్టి పొగరు.

మా దగ్గర పడవ పక్కన ఇంటి ఫోన్ నంబరు రంగుతో రాస్తారు, కొట్టుకుపోతే ఎవరైనా చూసి కబురు చెబుతారని. వాళ్ల పడవ ఫోటో తీసి, దొంగ ఖాతాతో గ్రూపులో పెట్టాను. "కత్తెరకు చప్పట్లు కొట్టిన మేడం ఇంటి నంబరు ఇదే" అని రాశాను.

మర్నాడు సలోమి మా గుమ్మంలో నిలబడింది.

"అన్నా, ఎవురెవురో ఫోన్ జేసి పచ్చి బూతులు తిడతా ఉండారు. అమ్మ ఎత్తినా అదే. ఏం జేసేది?"

"నాలుగు దినాలు సిచ్చాఫ్ చేసి పెట్టండి. వాళ్లే విసుగెత్తి ఊరుకుంటారు."

"నాయన సముద్రం మీద యాటకి పోయుండాడన్నా. ఆయనకి అంకెలు రావు. ఒక్క మీట నొక్కితే ఫోను ఇంటికే పోయేట్టు పెట్టిచ్చినా."

"రేపటికి వచ్చేస్తాడులేమ్మా. ఏం గాదు."

"నువ్వుండావు గాబట్టి సరిపోయిందన్నా" అని కళ్లు తుడుచుకుని వెళ్లింది. అప్పుడైనా నోరు విప్పొచ్చు కదా? విప్పలేదు.

మరుసటి రోజు పెద్ద అలల్లో ఆయన పడవ ఇంజను ఆగిపోయింది. పడవలో ఒక్కడే. ఒడ్డు నుంచి సిగ్నల్ అందేంత దగ్గర్లోనే ఉన్నాడు. ఆ సంగతి తర్వాత ఇంట్లో ఫోన్ ఆన్ చేసినప్పుడు తెలిసింది. ఆయన నుంచి మిస్డ్ కాల్ మెసేజీలు వరసగా మోగాయి. పదకొండు. ఫోన్ ఎత్తి ఉంటే ఇంకో పడవ వెళ్లి బతికించేదా, లేక ఆ అలల్లో అదీ చేరేది కాదా అని ఇన్నేళ్లుగా నాతో నేనే వాదించుకుంటున్నాను. చేరేది. నాకు తెలుసు.

ఇసుకలో బోర్లా పడి ఉన్న తండ్రిని సలోమే తిప్పింది. నేను అక్కడే నిలబడి చూశాను.

ఆరు నెలలకు కంపెనీ ఆ ఘట్టాన్ని మళ్లీ ఆటలో పెట్టింది. గ్రూపులో సంబరాలు. నేను ఆ ఆట మళ్లీ తెరవలేదు.

సలోమి ఇప్పటికీ "బాగుండావా అన్నా" అని పలకరిస్తుంది. కష్టకాలంలో తోడున్నానని ప్రార్థనలో నా పేరు కూడా చెబుతుందట. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, ఆమెనూ అడగలేను. కానీ ఒక్కసారి ఉన్నదున్నట్టు రాయనివ్వండి.

ఆ నంబరు పెట్టింది నేను. ఆ ఫోన్ ఆపెయ్యమన్నదీ నేనే.