స్టూలు పాఠం

పెద్ద డాక్టరుగారు వార్డులో పాఠం చెప్పినన్నాళ్లూ విద్యార్థులతో ఒకే మాట అనేవారు: "బతికేవాడికి నిలబడి చెప్పినా పర్వాలేదు. బతకడని తెలిస్తే మాత్రం స్టూలు లాక్కుని, పక్కన కూర్చుని చెప్పండి." ఆ మాట అంటూ కళ్లజోడు తుడుచుకోవడం ఆయన అలవాటు. ఇప్పుడు అదే వార్డులో ఆయనే మంచం పట్టారు. శిష్యుడు రోజూ వచ్చి, నిలబడే నాలుగు కబుర్లు చెప్పి వెళ్లేవాడు. అతను నిలబడి ఉన్నంతసేపూ ఆయన ప్రాణం కుదుటపడేది.

ఈ ఉదయం రిపోర్టు చూసొచ్చిన శిష్యుడు, మంచం కింద నుంచి స్టూలు లాగాడు.

"కూర్చోకురా," అన్నారాయన, కళ్లజోడు తీసి దుప్పటి అంచుతో తుడుస్తూ.

"కాళ్లు లాగుతున్నాయి సార్," అంటూ కూర్చున్నాడు శిష్యుడు.

"అబద్ధమాడటం నేను నేర్పలేదు కదరా," అని ఆయన తుడిచిన అద్దాలనే మళ్లీ తుడవసాగారు.