నా వెన్నులో వేసిన సూది

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఒకప్పుడు నా కాళ్లకు చెప్పులు కూడా నా భార్య సుజాతే తొడగాల్సి వచ్చేది! ముత్తంగి దగ్గర ఒక గోడౌన్‌లో పన్నెండేళ్లు హమాలీగా బరువులు మోసిన నేను, ఒక పొద్దున ఫ్రిజ్ పెట్టె దించబోయి అక్కడే కూలబడ్డాను. స్కానింగ్ తీసి, నడుములో రెండు డిస్కులు అరిగిపోయాయన్నారు. కూర్చుంటే నొప్పి, పడుకుంటే నొప్పి, తుమ్మితే ప్రాణం పోయినంత పని! సుజాత పటాన్‌చెరులో ప్యాకింగ్ పనికి కుదిరింది, నేను లక్డారంలో కిరాయి గదిలో చాప మీద పడి ఉండేవాణ్ణి.

"తండ్రీ, నా బతుకంత గీ చాప మీదనేనా? జెర నన్ను లేపు ప్రభువా!" అని ఏడ్చాను.

తర్వాత నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రికి చూపించుకోవడానికి వెళ్తే, ఒక డాక్టరమ్మ నాతో వివరంగా మాట్లాడింది. "దాతల ఎముక మజ్జ నుంచి తీసిన మూలకణాలను, అంటే స్టెమ్ సెల్స్‌ను, డిస్కులోకి సూదితో ఎక్కించి చూస్తున్నాం. ఇది ఇంకా పరిశోధనే. కొందరికి కణాలు ఎక్కిస్తాం, కొందరికి ఉత్త ఉప్పునీళ్లు. ఎవరికి ఏది పడిందో చివరిదాకా మీకూ తెలియదు, మాకూ తెలియదు. తగ్గుతుందని మాట ఇవ్వలేను" అంది. నేను ప్రార్థన చేసుకుని ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టాను.

సూది వేశాక రోజూ నడవాలనీ, నేర్పిన కసరత్తులు చేయాలనీ చెప్పారు. నేను బద్ధకిస్తే సుజాత ఊరుకునేదా! "లేస్తవా, నీళ్లు పొయ్యాల్నా?" అనేది. నెలలు గడిచేకొద్దీ నొప్పి తగ్గుతూ వచ్చింది, ఒకరోజు నా అంతట నేనే వంగి చెప్పులు తొడుక్కున్నాను, హల్లెలూయా! ఆ ఆదివారమే మీ ముందు నిలబడి, మూలకణాలతో దేవుడు నాకు కొత్త వెన్ను ఇచ్చాడని గొంతెత్తి చెప్పాను, మీరందరూ చప్పట్లు కొట్టారు.

పోయిన నెల పరిశోధన ముగిసింది, డాక్టరమ్మ పిలిచి కాగితం చూపించింది. నాకు పడింది ఉప్పునీళ్లే!

సహోదరులారా, నడుము బాగైంది నిజం, నేను చెప్పింది మాత్రం నిజం కాదు. పైగా నా సాక్ష్యం విని మన సంఘంలోని ఆనందం అన్న, ఆయనకూ నడుము నొప్పే, ఖాయంగా తగ్గిస్తామన్న ఒక క్లినిక్‌లో ఆ సూది వేయించుకోవడానికి ఉన్న ఒక్క ప్లాటూ అమ్మకానికి పెట్టాడు. సిగ్గుతో రెండు రోజులు ఆయన ఇంటి వైపే వెళ్లలేదు. సుజాతే అంది, "ప్లాటు పోయినంక చెప్తవా ఏంది? నడువు, ఇప్పుడే చెప్పు."

వెళ్లి చెప్పాను. ఆనందం అన్న నా చేయి పట్టుకుని, "నువ్వు రాకపోతే నేను ఆగమైపోతుంటి గద తమ్మీ!" అని ఏడుస్తూనే నవ్వాడు. ఆయన్ని ఆ డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్లాను. ఇప్పుడు ఇద్దరం కలిసి రోజూ కసరత్తులు చేస్తున్నాం, నడుము వంచేటప్పుడు ఆయన నాకంటే గట్టిగా అరుస్తాడు, దేవునికే మహిమ!

ఆ కణాలు ఎవరికెంత మేలు చేస్తాయో డాక్టర్లు ఇంకా తేల్చాలి, తేల్చేవారి చేతులను ప్రభువు దీవించును గాక! మరి నేను ఎలా బాగయ్యానని అడిగితే, నడక, కసరత్తు, కాలం, దేహం తనంతట తాను కోలుకోవడం, ఇవన్నీ కలిసి పనిచేసి ఉంటాయని డాక్టరమ్మ చెప్పింది. కోలుకునేలా ఈ దేహాన్ని చేసినదెవరు ప్రియులారా? నీళ్లు పోస్తానని బెదిరించే భార్యను నాకిచ్చినదెవరు? నొప్పి నుంచి విడిపించినవాడే నన్ను అబద్ధం నుంచి కూడా విడిపించాడు, ఆయనకు వేల స్తోత్రాలు!

నొప్పితో కూర్చున్న అక్కా, అన్నా, ఆశ వదలకండి, డాక్టరు మాట వినండి, నా దేవుణ్ణి నమ్మి చూడండి. ఆయన్ని నమ్మినవాళ్లు నిజం చెప్పడానికి భయపడనక్కరలేదు.